44 మంది ఎమ్మెల్యేలుంటే రాజ్యసభ సీటు వచ్చినట్టేనా?

రాజ్యసభ ఎన్నికల షెడ్యూలు రాగానే మన పత్రికల్లో, టీవీల్లో ఒక అంకె తిరగడం మొదలవుతుంది: "ఒక్కో సీటుకు 44 మంది ఎమ్మెల్యేల బలం కావాలి." ఆంధ్రప్రదేశ్‌లో 3 సీట్లకు ఎన్నిక జరిగి, 175 మందీ ఓటేసి, అన్నీ చెల్లితే ఆ అంకె సరైనదే. 4 సీట్లయితే అది 36కి దిగుతుంది. ఉపఎన్నికైతే 88కి ఎక్కుతుంది. పోలింగు రోజు ఇద్దరు రాకపోయినా, ఒకరు ఓటు పాడు చేసుకున్నా మళ్లీ మారొచ్చు. ఆ అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ జారిపోతుందో తెలిస్తే రాజ్యసభ ఫలితాలు చాలావరకు ముందే లెక్కగట్టొచ్చు. దామాషా పద్ధతి (బలానికి తగ్గ వాటా) అని రాజ్యాంగం పేరు పెట్టిన ఈ ఎన్నికలో నిజంగా దామాషా ఎంతుందో కూడా అప్పుడే బయటపడుతుంది.

రాజ్యాంగం 80వ అధికరణ ప్రకారం రాష్ట్రాల సభ్యులను ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఎన్నికైన వాళ్లు మాత్రమే. మన రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది కాబట్టి ఎమ్మెల్సీలకూ ఓటుంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఒక్కో ఎమ్మెల్యేకి ఒక్కటే ఓటు, అది బదిలీ అయ్యే ఓటు. సీట్లు మూడున్నా నాలుగున్నా ఓటు ఒక్కటే. ఆ ఒక్క ఓటు ముందు ఎవరికి పోవాలి, అక్కడ దాని అవసరం తీరితే లేదా దానికి చోటు దొరక్కపోతే తర్వాత ఎవరికి పోవాలి అన్నది ఎమ్మెల్యే 1, 2, 3 అని వరసగా రాస్తాడు.

ఒకటికి మించి సీట్లున్నప్పుడు చెల్లిన ప్రతి బ్యాలెట్ విలువ 100గా లెక్కిస్తారు. భిన్నాలతో కుస్తీ పట్టకుండా పూర్ణాంకాలతో పని జరగడానికే ఈ 100. చెల్లిన ఓట్ల మొత్తం విలువను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపిన అంకెతో భాగించి, శేషం వదిలేసి, 1 కలుపుతారు. అదే కోటా. ఆంధ్రప్రదేశ్‌లో 3 సీట్లకైతే 17500ని 4తో భాగిస్తే 4375. ఒకటి కలిపితే 4376. 43 ఓట్లు 4300 కాబట్టి చాలవు, 44 కావాలి. భాగించేది 3తో కాకుండా 4తో ఎందుకంటే, నలుగురు ఒకేసారి 4376 తెచ్చుకోవాలంటే 17504 కావాలి. ఉన్నది 17500 మాత్రమే. అంటే ముగ్గురు మాత్రమే దాటగలిగే అతి తక్కువ గీత అది.

4 సీట్లయితే 17500ని 5తో భాగించి ఒకటి కలిపితే 3501. సరిగ్గా 35 మంది ఉన్న పక్షం 3500 దగ్గర, ఒక్క విలువ తక్కువై ఆగిపోతుంది. అందుకే 36. తెలంగాణలో 119 మందికి 3 సీట్లయితే కోటా 2976, అంటే 30 ఓట్లు. 2 సీట్లయితే 3967, అంటే 40. ఒకే సీటుకు ఎన్నికైతే 100 విలువ ఉండదు, ఓటు విలువ ఒకటే: మొత్తంలో సగం, దానికి ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 88, తెలంగాణలో 60.

ఈ అంకెలన్నీ పోలింగు ముందు వేసుకునే అంచనాలు. అసలు కోటా పోలింగు అయ్యాక, చెల్లని ఓట్లు పక్కన పెట్టాకే తేలుతుంది. 2020 జూన్ 19న ఆంధ్రప్రదేశ్‌లో 4 సీట్లకు ఐదుగురు పోటీ చేశారు. 173 మంది ఓటేశారు, 4 ఓట్లు చెల్లలేదు. మిగిలినవి 169. 16900ని 5తో భాగించి ఒకటి కలిపితే 3381. ముందు అనుకున్న 36 కాస్తా 34 అయింది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థులు నలుగురికీ 38 చొప్పున వచ్చాయి, తెలుగుదేశం అభ్యర్థి వర్ల రామయ్యకు 17. అక్కడ తేడా ఎక్కువ కాబట్టి కోటా ఎంతకు దిగినా ఫలితం మారలేదు. తేడా తక్కువున్న చోట ఇదే కదలిక సీటు తారుమారు చేస్తుంది.

అందుకే ఓటు ఎలా చెల్లకుండా పోతుందో వివరంగా చూడాలి. పోలింగు శాసనసభ ప్రాంగణంలోనే, సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా. బ్యాలెట్ మీద రాయడానికి రిటర్నింగ్ అధికారి ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నే వాడాలి. జేబులో పెన్ను తీసి రాస్తే ఓటు పోయినట్టే. 2016లో హరియాణాలో పెన్ను తేడా వల్ల కాంగ్రెస్ ఎమ్మెల్యేల ఓట్లు పెద్ద సంఖ్యలో చెల్లకుండా పోయి ఫలితమే తలకిందులైంది. ప్రాధాన్యం అంకెల్లోనే వేయాలి, అక్షరాల్లో "ఒకటి" అని రాయకూడదు. టిక్కు పెట్టినా చెల్లదు. అయితే ఆ అంకె 1, 2 రూపంలోనే ఉండాలని లేదు. రోమన్ అంకెలు వేయొచ్చు, భారతీయ భాషల అంకెలూ వేయొచ్చు. మన ఎమ్మెల్యే ౧, ౨, ౩ అని తెలుగంకెలు వేసినా ఆ ఓటు నిక్షేపంగా చెల్లుతుంది. తెలుగంకెలకు చట్టం ఇంకా చోటు ఉంచిందని తెలిసి నాకు సంతోషమేసింది.

1 అంకె లేకపోతే ఓటు చెల్లదు. ఇద్దరి ఎదురుగా 1 వేసినా, ఒకరి పేరు పక్కనే 1, 2 రెండూ వేసినా చెల్లదు. సంతకం, పేరు, ఇంకే గుర్తయినా పెట్టి ఓటరెవరో తెలిసేలా చేస్తే చెల్లదు. 2 దగ్గర పొరపాటు జరిగితే మాత్రం వేరే సంగతి. 1 సరిగ్గా ఉండి, 2 ఇద్దరికి వేసినా, 2 మానేసి 3 వేసినా తొలి ప్రాధాన్యం వరకు ఓటు చెల్లుతుంది. బదిలీ సమయం వచ్చినప్పుడు ఆ బ్యాలెట్‌కి ముందుకు దారి ఉండదు, అంతే. 2, 3 అసలు వేయకపోయినా అంతే. పార్టీలు తమ ఎమ్మెల్యేలకు ముందురోజు నమూనా పోలింగు పెట్టి మరీ నేర్పేది ఇందుకే. ఎన్నిసార్లు గెలిచిన ఎమ్మెల్యే అయినా ఈవీఎం మీట నొక్కడానికి అలవాటు పడినవాడే, అంకె వేసే అలవాటు లేనివాడే.

ఇంకో మెట్టు బ్యాలెట్ చూపించడం. 2003లో చట్టం మార్చి రాజ్యసభ ఎన్నికల్లో బహిరంగ ఓటింగు తెచ్చారు. అదే సవరణతో అభ్యర్థి ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న నిబంధన కూడా పోయింది. కులదీప్ నయ్యర్ వేసిన కేసులో 2006 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు మార్పులనూ సమర్థించింది. పార్టీ ఎమ్మెల్యే ఓటేశాక, పెట్టెలో వేసే ముందు, తన పార్టీ నియమించిన ఏజెంటుకు బ్యాలెట్ చూపించాలి. చూపించనంటే ఓటు రద్దు. వేరే పార్టీ ఏజెంటుకు చూపించినా రద్దు. స్వతంత్ర ఎమ్మెల్యేకి నియమం దీనికి పూర్తిగా ఎదురు: ఎవరికీ చూపించకూడదు, చూపిస్తే పోతుంది.

ఏజెంటుకు చూపించి ఎదుటి పార్టీకి ఓటేస్తే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుంది. పార్టీ సస్పెండ్ చేయొచ్చు, బహిష్కరించొచ్చు. కానీ రాజ్యసభకు ఓటేయడం సభా కార్యక్రమం కాదు కాబట్టి, ఒక్క ఆ ఓటు కారణంగా పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వం పోదు. విప్ (ఎలా ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం) జారీ చేశామని పార్టీలు చెబుతుంటాయి గాని, ఆ మాటకు ఇక్కడ చట్టబలం లేదు. ఓటుకు డబ్బు తీసుకుంటే మాత్రం రక్షణ లేదు. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ సంగతి తేల్చి చెప్పింది. నోటా (ఎవరికీ వేయను అనే ఓటు) కూడా లేదు. 2014 నుంచి కొన్నాళ్లు పెట్టారు, 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు తీసేసింది. ఓటు బదిలీ అయ్యే పద్ధతిలో నోటాకి చోటెక్కడ? బదిలీ కావడానికి అటువైపు మనిషే ఉండడు. ఆ తీర్పు సబబైనదే.

చెల్లని ఓటు కోటాను ఎలా కదిలిస్తుందో చూడాలంటే 2017 ఆగస్టు 8న గుజరాత్‌లో జరిగిన ఎన్నికకు మించిన పాఠం లేదు. 3 సీట్లు, 4 అభ్యర్థులు, 176 ఓట్లు. ఇద్దరు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు బ్యాలెట్ చూపకూడని వాళ్లకు చూపించారని ఫిర్యాదు. అర్ధరాత్రి దాకా నడిచిన వాదనల తర్వాత ఎన్నికల సంఘం ఆ రెండు ఓట్లనూ రద్దు చేసింది. మిగిలినవి 174. బీజేపీ నుంచి అమిత్ షాకు 46, స్మృతి ఇరానీకి 46, బల్వంత్‌సింహ్ రాజ్‌పుత్‌కి 38. కాంగ్రెస్ నుంచి అహ్మద్ పటేల్‌కి 44. 17400ని 4తో భాగించి ఒకటి కలిపితే 4351. పటేల్‌కి ఉన్నది 4400. మొదటి లెక్కింపులోనే దాటేశాడు.

ఆ రెండూ చెల్లి ఉంటే కోటా 4401 అయ్యేది. పటేల్‌ 4400 దగ్గర, ఒకే ఒక్క విలువ తక్కువతో నిలబడేవాడు. ఆ రెండు ఓట్ల రద్దే పటేల్‌ని గెలిపించిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. కాస్త ఓపిగ్గా లెక్క వేస్తే అంత సూటిగా లేదు. ఆ రెండూ రాజ్‌పుత్‌కే పడ్డాయనుకుందాం: 40 ఓట్లు, 4000. షా మిగులు, అంటే కోటాకు మించిన విలువ, 199. అది ఆ బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం ఉన్న అభ్యర్థికి, ఇక్కడ రాజ్‌పుత్‌కి పోతుందనుకుందాం. దాన్ని 46 బ్యాలెట్లకు పంచితే ఒక్కోదానికి 4 (భిన్నం వదిలేస్తారు), మొత్తం 184. ఇరానీ నుంచి మరో 184. రాజ్‌పుత్ 4368 దగ్గర ఆగుతాడు, పటేల్ 4400. వెనకబడ్డ రాజ్‌పుత్‌ని తొలగిస్తే మిగిలిన సీటు పటేల్‌దే. బీజేపీ తన 132 ఓట్లను 44, 44, 44గా పంచి ఉంటే? నలుగురూ 4400 దగ్గర సమానం, కోటా ఎవరూ దాటరు, ఎవరిని తొలగించాలో చీటీ తేల్చేది. మూడు సీట్లూ ఒకే పార్టీకి పోవాలంటే ఆ చీటీలో పటేల్ పేరే రావాలి, అంటే నాలుగింట ఒక వంతు అవకాశం. రద్దయిన రెండు ఓట్లూ పటేల్‌కి గెలుపు కొత్తగా తెచ్చిపెట్టలేదు, ఉన్న గెలుపును ఖాయం చేశాయి. ఎవరికి ఎన్ని తొలి ప్రాధాన్య ఓట్లు వేయించాలన్న పంపకం ఎంత ముఖ్యమో ఈ లెక్క చెబుతుంది.

ఇక బదిలీ. రాజ్యసభ ఎన్నికలో అసలు రుచి ఇక్కడుంది, ఎక్కువమంది తప్పు చదివేదీ ఇక్కడే. పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపు రోజుల తరబడి చూసిన మనకు తొలగింపు తెలుసు: అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తీసేసి, ఆ ఓట్లు రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. అది ఒకే సీటు కోసం జరిగే పోటీ. రాజ్యసభలో రెండు, మూడు సీట్లున్నప్పుడు దానికంటే ముందే ఇంకో పని జరుగుతుంది: గెలిచిన అభ్యర్థి దగ్గర కోటాకు మించి ఉన్న మిగులును కిందికి పంపడం. ముందు మిగులు బదిలీ, ఆ తర్వాతే తొలగింపు. ఈ వరస మనసులో ఉంచుకుంటే చాలు.

2022 జూన్ 10న మహారాష్ట్రలో 6 సీట్లకు ఏడుగురు నిలబడ్డారు. చెల్లిన ఓట్లు 284. 28400ని 7తో భాగించి ఒకటి కలిపితే 4058. బీజేపీ నుంచి పీయూష్ గోయల్‌కి 48, అనిల్ బోండేకి 48, ధనంజయ్ మహాడిక్‌కి 27. ఎదుటి కూటమిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీకి 44, ప్రఫుల్ పటేల్‌కి 43, సంజయ్ రౌత్‌కి 41, సంజయ్ పవార్‌కి 33. ఐదుగురు తొలి లెక్కింపులోనే నెగ్గారు. ఆరో సీటుకు 33 వచ్చిన పవార్, 27 వచ్చిన మహాడిక్. మామూలు కళ్లతో చూస్తే పవార్‌దే పైచేయి. గెలిచింది మహాడిక్.

గోయల్ మిగులు 4800లోంచి 4058 తీసేస్తే 742. మొత్తం మిగులును 48 బ్యాలెట్ల మీద సమానంగా పరుస్తారు. 742ని 48తో భాగిస్తే 15, భిన్నం పోతుంది. అంటే ఆ 48 బ్యాలెట్లూ ఒక్కోటి 15 విలువతో తర్వాతి ప్రాధాన్యం ఉన్న అభ్యర్థికి వెళతాయి: 720. రెండో అంకె బోండేకి వేసి ఉన్నా ఫరవాలేదు, అతను అప్పటికే గెలిచాడు కాబట్టి ఆ బ్యాలెట్ అతన్ని దాటి మూడో అంకె దగ్గరికి పోతుంది. బోండే నుంచి మరో 720. అన్ని బ్యాలెట్లలో తర్వాతి పేరు మహాడిక్‌దే అయితే 2700, 720, 720 కలిపి 4140. కోటా దాటేసింది. ఎదుటి ముగ్గురి మిగులూ ఇలాగే పంచితే పవార్‌కి 308, 215, 41 కలిసి 3864 దాకా వస్తుంది. అక్కడితో ఆట ముగిసింది.

దీన్ని ముందే పసిగట్టడానికి ఒక చిట్కా ఉంది. ఒక్కో అభ్యర్థిని కాకుండా కూటమి మొత్తం ఓట్లను కోటాతో పోల్చాలి. బీజేపీ వైపు 123 ఓట్లు, విలువ 12300. మూడు కోటాలకు 12174 చాలు. ఎదుటి కూటమికి 161, విలువ 16100. నాలుగు కోటాలకు 16232 కావాలి. బ్యాలెట్లు క్రమశిక్షణతో నింపితే ఫలితం అక్కడే తేలిపోయింది. ఆ కూటమికి పోయిన ఓట్లు మూడు: ఒకటి చెల్లలేదు, జైల్లో ఉన్న ఇద్దరు ఎమ్మెల్యేలకు ఓటేసే అనుమతి రాలేదు. ఆ మూడూ కలిసి 287 అయి ఉంటే కోటా 4101. అప్పుడు బీజేపీకి మూడు కోటాలకు 12303 కావాలి, ఉన్నది 12300. ఎదుటివాళ్లకు నాలుగింటికి 16404 కావాలి, ఉన్నది 16400. ఇద్దరూ గీత దగ్గరే ఆగి, బదిలీలో ఎవరి భిన్నాలు ఎక్కువ రాలిపోతాయన్న దాని మీద సీటు తేలేది. ఒక రాష్ట్రం సీటు అంత సన్నటి దారం మీద వేలాడింది.

అదే రోజు హరియాణాలో 2 సీట్లు. బీజేపీ అభ్యర్థి కృష్ణలాల్ పన్వార్‌కి 36, కాంగ్రెస్ అభ్యర్థి అజయ్ మాకెన్‌కి 29, బీజేపీ మద్దతున్న స్వతంత్రుడు కార్తికేయ శర్మకి 23. చెల్లినవి 88, కోటా 2934. మాకెన్ 2900 దగ్గర, 34 విలువ తక్కువతో ఆగాడు. పన్వార్ మిగులు 666, ఒక్కో బ్యాలెట్‌కి 18 చొప్పున 648. అన్నీ శర్మకు చేరితే 2948, కోటా దాటినట్టే. ఆ సీటు శర్మకే పోయింది. చెల్లకుండా పోయిన ఒక్క కాంగ్రెస్ ఓటు చెల్లి ఉంటే? కోటా 2967కి పెరిగేది, మాకెన్‌కి 3000 ఉండేది, గెలిచేవాడు. గుజరాత్‌లో ఓట్లు చెల్లకపోవడం కాంగ్రెస్‌కి కలిసొచ్చింది, హరియాణాలో అదే ముంచింది. తేడా ఏమిటంటే, చెల్లని ఓటు కోటాను తగ్గించేది కొంచెమే, 2 సీట్ల ఎన్నికలో 33 విలువ. అది మన ఓటే అయితే మన ఖాతాలోంచి ఏకంగా 100 పోతుంది.

సమానమైతే? 2024 ఫిబ్రవరి 27న హిమాచల్ ప్రదేశ్‌లో ఒకే సీటు, 68 ఓట్లు. అభిషేక్ మను సింఘ్వీకి 34, హర్ష్ మహాజన్‌కి 34. కోటా 35, ఎవరూ చేరలేదు. చీటీలు వేశారు, సింఘ్వీ పేరు వచ్చింది, సింఘ్వీ ఓడిపోయాడు. చాలామంది తెల్లబోయారు. నియమాల్లో ఉన్నది "ఎవరిని తొలగించాలో చీటీ తేలుస్తుంది" అని. చీటీలో పేరొస్తే గెలుపు కాదు, తొలగింపు. గెలుపుకు చీటీ తీసే మామూలు ఎన్నికల పద్ధతి వేరు.

నామినేషన్ సంగతి క్లుప్తంగా. వయసు 30 నిండాలి, దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ప్రతిపాదకులుగా సభలోని ఎన్నికైన సభ్యుల్లో పదో వంతు, లేదా 10 మంది, ఏది తక్కువైతే అది. మన రెండు రాష్ట్రాల్లోనూ 10 మంది సరిపోతారు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. ఉపసంహరణ గడువు ముగిసేసరికి అభ్యర్థులు, సీట్లు సమానమైతే పోలింగు లేకుండానే ఏకగ్రీవం. పదవీకాలం ఆరేళ్లు, ఉపఎన్నికలో వస్తే మిగిలిన కాలం మాత్రమే. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించొచ్చు.

దామాషా అంటే శాసనసభలో నీకెంత బలముందో రాజ్యసభలో అంత వాటా అనే కదా. ఆంధ్రప్రదేశ్‌కి 11 సీట్లున్నాయి. 11కీ ఒకేసారి ఎన్నిక జరిగితే కోటా 17500ని 12తో భాగించి ఒకటి కలపగా 1459, అంటే 15 మంది. 15 మంది ఎమ్మెల్యేలున్న ఏ పక్షానికైనా ఒక సీటు ఖాయం. కానీ రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. అందువల్ల మన 11 సీట్లు 4, 4, 3 చొప్పున మూడు విడతలుగా వస్తాయి. తెలంగాణవి 7, అవి 3, 2, 2గా. విడత చిన్నదయ్యేకొద్దీ గీత పైకి పోతుంది: 15 మంది చాలాల్సిన చోట ఒకసారి 36, ఇంకోసారి 44 కావాలి.

2019లో తెలుగుదేశానికి 23 మంది ఎమ్మెల్యేలు, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 151. 11 సీట్లూ ఒకేసారి నింపి ఉంటే 23 మందికి ఒక సీటు న్యాయంగా వచ్చేది. విడతల్లో 2020లో రాలేదు, 2022లో రాలేదు, 2024లో రాలేదు. 2024 ఏప్రిల్ నాటికి 11కి 11 సీట్లూ ఒకే పార్టీవి, తెలుగుదేశం పుట్టాక తొలిసారి రాజ్యసభలో ఆ పార్టీ సభ్యుడు ఒక్కరూ లేరు. దీన్ని ఒక పార్టీకి జరిగిన అన్యాయంగా నేను చెప్పడం లేదు. 2024 తర్వాత 11 మందితో ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్‌కి ఒకేసారి ఎన్నికైనా గీత అందదు. చెప్పేదల్లా, 13 శాతం బలానికి ఆరేళ్ల చక్రం మొత్తంలో సున్నా ఇచ్చే పద్ధతికి దామాషా అనే పేరు పెద్దదని. విడతల వల్ల సభ నిరంతరంగా నడుస్తుంది, ఒక్క ఎన్నికల గాలికి మొత్తం మారిపోదు. ఆ లాభం నిజమైనదే. దాని ధర చిన్న పక్షాలు కడుతున్నాయి.

ఉపఎన్నిక దగ్గర ఆ ధర మరీ ఎక్కువ. పదవీకాలం ముగిసిన ఖాళీలన్నీ ఒకే ఎన్నికగా లెక్కిస్తారు. రాజీనామా, మరణం లాంటి వాటితో వచ్చిన ఖాళీలను మాత్రం, ఒకే రోజు పోలింగు పెట్టినా, దేనికది వేరు ఎన్నికగా జరుపుతారు. 2019లో అమిత్ షా, స్మృతి ఇరానీ లోక్‌సభకు వెళ్లాక గుజరాత్‌లో రెండు సీట్లకు ఒకే రోజు, వేర్వేరు నోటిఫికేషన్లతో ఎన్నిక పెట్టారు. కలిపి జరిపితే మూడో వంతు దాటిన బలంతో కాంగ్రెస్‌కి ఒకటి వచ్చే అవకాశముండేది. విడివిడిగా జరిపితే ప్రతిదానికీ సగానికి పైగా కావాలి, రెండూ బీజేపీకే వెళ్లాయి. కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, కోర్టు జోక్యం చేసుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో రాజీనామాలతో ఖాళీ అయిన మూడు సీట్లూ ఇలాగే భర్తీ అయ్యాయి, ఏకగ్రీవంగా. 36 మందితో నిండే సీటు మధ్యలో ఖాళీ అయితే 88 మంది ఉన్నవాళ్లకే దక్కుతుంది.

ఒకే రాష్ట్రంలో ఒకే సమయంలో ఉన్న ఖాళీలన్నిటినీ ఒకే ఎన్నికగా లెక్కించాలని చట్టంలో రాయడం కష్టం కాదు. అడ్డొచ్చే ప్రశ్న ఒక్కటే: ఒక సీటుకు రెండేళ్లు, ఇంకోదానికి నాలుగేళ్లు గడువు మిగిలుంటే ఎవరికి ఏది? దానికి జవాబు మన దగ్గరే ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉమ్మడి రాష్ట్ర సభ్యులు 18 మందిని ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7గా చీటీలేసి పంచారు. తెలంగాణ రాష్ట్ర సమితికి చెందిన కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు, తెలుగుదేశానికి చెందిన గరికపాటి మోహనరావు తెలంగాణ సభ్యుడయ్యారు. ఎవరు ఏ రాష్ట్రమో చీటీతో తేల్చగలిగినప్పుడు, గెలిచిన ఇద్దరిలో ఎవరికి రెండేళ్లు, ఎవరికి నాలుగేళ్లు అన్నదీ చీటీతో తేల్చొచ్చు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఖాళీలు కలిస్తే 59 మంది చాలు, మూడు కలిస్తే 44.